గోరు మునగని టైరు

మా మేనమామ కామేశం గారు టెక్కలి ఆసుపత్రిలో శివసాయుజ్యం పొందారన్న వార్త అందేసరికి, పలాస టీకొట్టు ముందు ఆగిన లారీ పక్కన గొంతుక్కూర్చుని, ఆయన టైరు పరీక్షించే తీరునే అభినయిస్తున్నాను. అందరూ నవ్వుతున్నారు. వార్త తెచ్చిన మనిషి కూడా కాస్త నవ్వి, తరువాత చెప్పాడు. దిగ్భ్రాంతి అనే మాట ఎన్నోసార్లు చదివాను. అది వచ్చినప్పుడు మనిషి టైరు మీంచి చెయ్యి తీయడం కూడా మరిచిపోతాడని అప్పుడు తెలిసింది.

ఆయన వేదవిదులు, మృదుభాషి, నిష్ఠాగరిష్ఠులు. ఏ పురోహితుడు పోయినా ఈ మూడు మాటలూ రాస్తారు కనుక అక్కడితో ఆపుతాను. మా ఉద్దానం ఊళ్లలో మావయ్య పేరు మోగింది టైర్ల వల్ల. కారు పూజకి పిలిస్తే పసుపు కుంకుమలు పక్కన పెట్టి ముందు చక్రం దగ్గర కూర్చునేవారు. అరచేత్తో టైరంతా నిమిరి, బొటనవేలి గోరు గాడిలో దింపేవారు. మార్గశిరం వస్తే మరీను. మంచుకి తడిసిన జీడితోటల ఎర్రమట్టి మీద అరిగిన టైరు నిలవదు. "గోరు మునగని టైరుకి నా మంత్రం పట్టదు బాబూ," అంటూ నిమ్మకాయలు మళ్లీ సంచిలో వేసుకుని వచ్చేసేవారు.

ఆయనకి భయపడి పూండి టాక్సీ ఆసామి ఒకడు పక్కింటివాడి కారు టైర్లు ఊడదీసి తన కారుకి తగిలించుకున్నాడు. గోరు చక్కగా మునిగింది. పూజ మొదలుపెట్టబోతూ మావయ్య పక్కింటి వాకిట్లోకి చూశారు.

"ఆ కారు రాళ్ల మీద కూకుందేటి?"

ఆసామి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"రేపు దానికీ పూజంటే నిమ్మకాయలు రాళ్ల కింద పెట్టీమంటావా?"

"పురోహితుడికి ఈ మెకానిక్కు పనేటి మావయ్యా?" అని ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పారు. ఎప్పుడో ఒక పెళ్లికారు చేత నిమ్మకాయలు తొక్కించి పంపారట. అది నందిగాం దాటాక మంచులో చేలోకి జారి, పెళ్లికొడుకు తమ్ముడికి కాలు పోయిందట.

"టైరు కింద నిమ్మకాయ పెట్టేను గానీ టైరు వైపు సూడలేదురా. ఆ కుర్రాడు ఎదురొస్తే ఇప్పటికీ పక్క వీధంట పోతాను."

ఆ మాటని మాత్రం నేనెప్పుడూ అభినయించలేదు.

పార్థివదేహాన్ని పలాస తేవడానికి మర్నాడు మేం టెక్కలి చేరాం; పెదనాన్న అక్కడే టాక్సీ మాట్లాడారు. ఉదయపు మంచు ఇంకా విడలేదు. దారి నందిగాం మీదుగానే. మావయ్యని వెనక సీట్లో పడుకోబెట్టి, తల అత్తయ్య ఒడిలో ఉంచాం. డ్రైవరు ఎక్కబోతుండగా నా చెయ్యి వెనక టైరు మీదికి పోయింది. నున్నగా ఉంది. గోరు మునగలేదు సరికదా, ఒకచోట దారాలు తగిలాయి.

"స్టెప్నీ వేసి కదుల్దాం," అన్నాను.

"శవం కాడ కూడా ఏటిరా నీ వేషాలు?" అన్నారు పెదనాన్న.

"వేషం కాదు పెదనాన్నా. నిజంగానే అరిగిపోయింది."

"నిన్న టీకొట్టు కాడా ఇలాగే నిమిరేవట గదా," అన్నాడు మా బావ.

అంత దుఃఖంలోనూ ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వించకూడదని నేను జన్మలో మొదటిసారి ప్రయత్నిస్తున్నాను. చేతకాలేదు. ఎన్నేళ్లుగానో మెరుగుపెట్టిన అభినయం, వదలమంటే వదల్లేదు. సిగ్గుతో తల టైరుకేసి దించుకున్నాను.

కారులోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"మమ్మల్ని దింపి సక్రం మార్సండి. బతికుంటే ఆయన దీన్ని ఎక్కుదురేటి?"

మావయ్యని మళ్లీ దింపి చాప మీద పడుకోబెట్టాం. డ్రైవరు జాకీ ఎత్తాడు.

మంత్రాలు చెప్పేవారు ఉద్దానంలో ఇంకా ఉన్నారు. మంత్రానికి ముందు మట్టిలో కూర్చునే ఆ పుణ్యమూర్తి లేని లోటు ఎవరు తీరుస్తారో నాకు తెలియదు. స్టెప్నీ బిగించాక గోరు దింపి చూశాను. సగమే మునిగింది. ఇది చాలునా అని అడగడానికి చాప వైపు తిరిగాను.

ఆ మసి చేతులతోనే ఆయన పాదాలకు నమస్కరించాను.