నాయుడు పరిగెత్తి ఇచ్చిన రక్తం

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను మా పత్రిక విశాఖ ఎడిషన్‌లో ఆరోగ్యం పేజీకి వేశారు. అంతకుముందు ఇరవై ఏళ్లు పోర్టు వార్తలు రాశాను. ఓడ ఎక్కడినుంచి వచ్చిందో, ఏం దించిందో కనుక్కుంటే సరిపోయే ఉద్యోగం అది.

కొత్త పేజీలో మొదటి పని, నగరంలోని ఒక ఆస్పత్రిలో జరుగుతున్న పరిశోధన. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే పడి ఉండదనీ, అందులోంచి కొన్ని సంకేత ప్రోటీన్లు బయలుదేరి, దెబ్బేమీ తగలకపోయినా ఒంట్లో సన్నటి వాపు పుట్టిస్తాయనీ, వాటి ధాటికి కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవనీ ఆ పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ నాకు రెండుసార్లు చెప్పారు. బరువు తగ్గినవాళ్లలో ఆ ప్రోటీన్లూ తగ్గుతాయా అన్నది ఆమె చూస్తున్నారు.

కథనంలో ఉదాహరణగా చూపడానికి ఒక మనిషి కావాలి. గాజువాకలో మా పక్కవాటా అప్పలనాయుడు దొరికాడు. ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటర్. పొట్ట ముందు, తను వెనక. మూడు నెలల్లో షుగర్ దిగిన రిపోర్టు తేకపోతే క్రేన్ కేబిన్‌లోంచి దింపి నేలమీద డ్యూటీ వేయిస్తానని ప్లాంటు డాక్టరు చెప్పి ఉన్నాడు.

“పాతికేళ్లు అందర్నీ పైనుంచి సూసినోణ్ణి బావా. ఇప్పుడు కిందకి దిగితే నా పొట్ట అందరికీ అవుపడిపోద్ది” అన్నాడు.

పరిశోధనలో చేరి, మొదటి రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరమ్మ చెప్పినట్టే అన్నం సగానికి తగ్గించి, రోజూ సాయంత్రం నడిచాడు. మూడు నెలలకి బెల్టుకి రెండు కొత్త రంధ్రాలు పడ్డాయి. నేను ఆ రంధ్రాలు చూసి కథనం రాసేసి, రక్తపరీక్ష అంకె రావలసినచోట ఖాళీ వదిలి డెస్కుకి పంపేశాను. పత్రికల్లో ఇలా ముందే రాసిపెట్టుకోవడం మామూలే.

తీరా రిపోర్టు వస్తే షుగరూ, సంకేత ప్రోటీనూ రెండూ మొదటికంటే ఎక్కువ. డాక్టరమ్మ మా ఇద్దర్నీ గదిలో కూర్చోబెట్టి జలుబు, జ్వరం, పంటినొప్పి అన్నీ అడిగారు. ఏవీ లేవు. నాయుడి ముఖం అప్పటికే నేలమీద డ్యూటీ చేస్తోంది. ఇంతలో డెస్కు ఇన్‌చార్జి ఫోన్ చేసి ఖాళీలో ఏం పెట్టమంటారని అడిగాడు.

అప్పుడు నాకు రక్తం ఇచ్చిన రోజు నాయుడి చొక్కా గుర్తొచ్చింది. పిండితే నీళ్లు కారేలా ఉంది. విశాఖ వేసవిలో ఎవరి చొక్కా పొడిగా ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను.

“ఆ రోజు ఇక్కడికి ఎలా వచ్చావు నాయుడూ?”

“పరిగెట్టుకొచ్చాను బావా. గాజువాక నుంచీ.”

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. “పరగడుపునా?”

“మరేటమ్మా! పరీచ్చంటే ఆఖర్రోజు గట్టిగా సదవొద్దా? ప్లాంటులో మెడికల్ అంటే అందరం ఇలాగే సేత్తాం.”

నిజమే. ఏటా మెడికల్‌కి ముందు వారం గాజువాక రోడ్ల మీద పొట్టలన్నీ పరుగు తీయడం నేనూ చూశాను. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని వివరించారు. గట్టిగా శ్రమపడితే కండరం కూడా అదే ప్రోటీన్‌ను కాసేపు వదులుతుందట, షుగర్ కూడా కాసేపు పెరగొచ్చట. ఆ తప్పు కొవ్వుది కాదు. రెండు రోజులు పరుగులు మాని మళ్లీ రమ్మన్నారు.

నాయుడు ఆ మాటనూ అంత గట్టిగానే పట్టుకున్నాడు. ఆటోలో వచ్చి బెంచీ మీద బొమ్మలా కూర్చున్నాడు. ముక్కుమీద ఈగ వాలితే, “తోలు బావా. నాను కదిలితే ప్రోటీన్ లెగిసిపోద్ది” అన్నాడు. తోలాను.

ఈసారి రెండు అంకెలూ దిగాయి. నాయుడు కేబిన్‌లోనే ఉండిపోయాడు. కథనం వారం ఆలస్యంగా వచ్చింది. ఖాళీలో అంకెతోపాటు “విశ్రాంతిగా ఉన్నప్పుడు” అన్న రెండు మాటలు చేర్చాను.

ఓడ ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోకుండా ఇరవై ఏళ్లలో ఒక్క వార్తా రాయలేదు. మనిషి దగ్గరికొచ్చేసరికి అడగలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరి రిపోర్టు చేతికొచ్చినా, అంకె చూసేముందు ఆ పూట ఆయన ఎలా వచ్చాడో అడిగి రాసుకునేవాణ్ణి.