నాన్న నరికిన తెప్ప

జాలరిపేట ఒడ్డున ఎవరో పాత పడవను గొడ్డలితో చీలుస్తుంటే, ఆ చప్పుడుకు నా వీపు చురుక్కుమంది. మా పేటలో నా ఈడు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది, మా నాన్న తెప్ప నరికిన రోజు.

ఇంటర్ ఫీజుకు నాన్న పడే బాధ చూడలేక, కాలేజీ మానేసి ఆయన తెప్ప మీద చేపల వేటకెళ్లాను. ఒడ్డుకు రాగానే తెడ్డు విరిగేదాకా కొట్టాడు. గొడ్డలి తెచ్చి సొంత తెప్పనే ముక్కలు చేశాడు.

“ఇప్పుడెల్రా సంద్రంలోకి! దేనిమీదెల్తావో సూత్తాను!”

ఆ దుంగలు కట్టెలకింద అమ్మి ఫీజు కట్టాడు. ఆపైన చచ్చేదాకా పరాయి పడవల్లో కూలికెళ్లాడు.

నిన్న మా అబ్బాయి, “ఇంజినీరింగ్ మానేత్తాను నాన్నా. ఈ ఫీజులు కట్టడం నీవల్ల అవదు. అచ్యుతాపురంలో కంపెనీ పనికెల్తాను” అన్నాడు.

చెంప మీద కొట్టాను. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. వాడు కదల్లేదు.

నరకడానికి నాకు తెప్ప కూడా లేదు.