చెయ్యెత్తని మొగుడు

పెళ్లయి ఇరవయ్యేళ్లయినా హల్బెరా మీద మొగుడు హఫ్లిడి ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. "ఏ దేవుడికి మొక్కావే?" అని లోయలో ఆడవాళ్లంతా కుళ్లుకునేవాళ్లు. మొక్కూ లేదు, పాడూ లేదు! వాడి మంచితనమంతా ఓలిలో ఉంది.

పెళ్లినాడు పెళ్లికూతురికిచ్చే ఓలి కింద పన్నెండు ఆవులూ, ఇంటి ముందరి గడ్డిచేనూ సాక్షుల ఎదుట ఒప్పుకున్నాడు. ఆ చలిదేశపు చట్టం ప్రకారం మగాడు నలుగురి ముందు పెళ్లాన్ని కొడితే, ఆమె అక్కడికక్కడే సాక్షుల్ని పిలిచి ఆ ఓలంతా తీసుకుని వెళ్లిపోవచ్చు. ఊరికే వెళ్లిపోతే కట్టుబట్టలే గతి. గడ్డిచేను పోతే హఫ్లిడి పశువులు చలికాలం దాటవు. అందుకని కొట్టడు. కొట్టకుండానే చంపుకుతింటాడు. ఇల్లాలి నడుముకుండాల్సిన తాళాలగుత్తి తన మొలకు కట్టుకున్నాడు. వెన్న కావాలన్నా అడుక్కోవాల్సిందే. తోడబుట్టిన అన్న పోతే చూసి రావడానికి గుర్రం ఇవ్వలేదు, దొంగసచ్చినోడు.

ఆ ఒక్క దెబ్బ కోసం హల్బెరా కావాలనే రెచ్చగొట్టేది. ఉన్ని కత్తిరించే కూలీల ముందే, "మా ఆయనకి పొట్టేలంటే భయం, పొట్టేలుకి మా ఆయనంటే నవ్వు," అంది ఓసారి.

కూలీలు ఘొల్లుమన్నారు. హఫ్లిడి కూడా నవ్వాడు. "వాగనీండ్రా. కోపమనేది ఏమీ లేనోళ్ల జబ్బు. భూమున్నోడికి ఓర్పుండాలి."

ఆ ఎండాకాలం కూతురు ఇంగ్విల్డ్‌కి సంబంధం కుదిరింది. పిల్ల రెండేళ్లుగా ఆ కుర్రాడి మీదే ప్రాణాలు పెట్టుకుంది. పిల్లాడి తండ్రి స్టెయినార్, ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని, సంబంధం ఖాయమని చేతిలో చెయ్యి వేయించుకోడానికి వచ్చాడు. పిల్లతో పంపే ఉన్నిబట్టని హఫ్లిడి వాళ్లముందే కర్రతో కొలిచి, "అరవై మూరలు," అన్నాడు.

ఆ బట్ట నేసింది హల్బెరా. చలికాలమంతా మగ్గం ముందు నిలబడి నేసింది. నోరు ఆగలేదు.

"ఆ కర్ర పొట్టిదండీ. నేను నేసింది యాభై ఆరే."

చెంప ఛెళ్లుమంది.

హఫ్లిడి మొహం పాలిపోయింది. తను చేసిన పని వాడికే నమ్మశక్యం కాలేదు. స్టెయినార్ మద్యం తాగుతున్న కొమ్ము కింద పెట్టాడు.

"చెల్లెమ్మా, మేం ముగ్గురం చూశాం. పిలుస్తావా సాక్ష్యం?"

ఇరవయ్యేళ్లు కాచుకున్న మాట నాలుక చివరికొచ్చింది. అంటే చాలు, చేనూ ఆవులూ తనవి. కానీ అంటే పిల్లతో పంపడానికి ఈ ఇంట్లో పూచికపుల్ల మిగలదు, సంబంధం ఇవాళే తప్పిపోతుంది. తలుపు దగ్గర ఇంగ్విల్డ్ నిలబడి వింటోంది. "అమ్మా, వద్దమ్మా," అంది.

స్టెయినార్ కింద పెట్టిన కొమ్ముని హల్బెరా తీసి మళ్లీ అతని చేతికిచ్చింది.

"సాక్ష్యమెందుకన్నయ్యా? నోరు జారాను, తగిలింది. మీరు తాగండి."

చేతులు కలిశాయి. చలికాలం ముందు పెళ్లి అనుకున్నారు.

వాళ్లని సాగనంపి వాకిట్లోకొచ్చి హల్బెరా, పనివాళ్లకి వెన్న పెట్టాలి, తాళం ఇమ్మంది. హఫ్లిడి ఆమెను కాసేపు కిందికీ పైకీ చూశాడు. పనివాళ్లంతా చూస్తుండగానే లాగి కొట్టాడు. స్టెయినార్ గుర్రాలింకా వాగు దాటలేదు.

"పిలవ్వేం? కేకేస్తే వినబడతారు," అన్నాడు. "పెళ్లయ్యేదాకా ఆగుతావా? మనవడు పుట్టేదాకానా?"

హల్బెరా చెంప పట్టుకుని గుర్రాల వైపు చూస్తూ నిలబడిపోయింది. ఒక్కొక్కటే అవి వాగు దాటాయి.