మిరపకాయల పక్కన ఎండిన మదురో

సింగరాయకొండ దగ్గరి ఒక పల్లెలో మా బాబాయి జీవితమంతా పొగాకే పండించాడు. ఆకు కోయడం, బ్యారన్ అనే ఎత్తైన కొట్టంలో వేడి పెట్టి కాల్చడం, అంటే ఆరబెట్టడం, బేళ్ళు కట్టి వేలానికి పంపడం, ఇంతవరకే ఆయన లోకం. ఆ తర్వాత ఆ ఆకు ఏమవుతుందో ఎన్నడూ చూడలేదు. ఈ ఏడాదితో పొగాకు మానేసి మిరప వేస్తానని, బ్యారన్ పడగొట్టిస్తానని మొన్న ఫోన్‌లో చెప్పాడు. "పడగొట్టేలోపు, దొరలు కాల్చే చుట్ట ఎట్టా ఉంటదో ఒక్కసారి చూడాలబ్బాయ్" అన్నాడు. వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది: "కూలోళ్ళు వచ్చినప్పుడల్లా ఏదో వంక పెట్టి తిప్పి పంపుతున్నాడు. ఆ చుట్టేదో తెచ్చి పుణ్యం కట్టుకో నాయనా!"

నాకు చుట్టల పిచ్చి ఉందని చుట్టాలందరికీ తెలుసు. దాచుకున్న వాటిలో ఖరీదైన మదురో ఒకటి తీశాను. పైఆకును నెలల తరబడి మాగబెట్టి, వేయించిన కాఫీ గింజ రంగుకు తెచ్చిన చుట్టను మదురో అంటారు. దానికి ఎప్పుడూ కొంచెం తేమ తగులుతూ ఉండాలి. అందుకని డబ్బాలో తడిపొట్లం పెట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పట్టుకుని పొద్దున ఆరున్నరకు గుంటూరులో ఒంగోలు బస్సెక్కాను. చిలకలూరిపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కిటికీ తీసినవాడల్లా తుమ్మాడు. తొమ్మిదిన్నరకు ఒంగోలు, ఇడ్లీ తిని మరో బస్సులో పదకొండుకల్లా సింగరాయకొండ. ఛార్జీలన్నీ కలిపి మూడొందలు దాటలేదు. అక్కడి నుంచి ఆటో.

"ఆ డబ్బాలో ఏందన్నా?" అన్నాడు ఆటో డ్రైవరు.

"చుట్ట."

"ఒక్క చుట్టకి అంత డబ్బానా!"

ధర చెబితే ఆటో పంట కాలవలోకి పోతుందని మాట మార్చాను.

పిన్ని పెట్టిన గోంగూర, చేపల పులుసు తిన్నాక ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. నిద్రపోయాను. నాలుగింటికి లేచి చూస్తే డబ్బా తెరిచి ఉంది, చుట్ట లేదు. దొడ్లోకి పరిగెత్తాను. పట్టా మీద మిరపకాయల పక్కన, ఎర్రటి ఎండలో, నా మదురో పడుకుని ఉంది.

"నీ చుట్ట తడిసి మెత్తబడింది నాయనా. బూజు పడుద్దని ఎండలో పెట్టా" అంది పిన్ని, మెచ్చుకుంటానని చూస్తూ.

ఆమె తప్పేం లేదు. ఈ పల్లెల్లో చుట్ట పెళపెళలాడాలి. తడి తగిలితే పాడైనట్టే లెక్క, వెంటనే ఎండబెడతారు. నా ప్రాణం మాత్రం ఉసూరుమంది. పైఆకు నిలువునా పగిలింది. సంగతి చెప్పేసరికి పిన్ని ముఖం చిన్నబోయింది. "ఆయన అడక్క అడక్క అడిగాడు, నా చేత్తోనే చెడగొట్టానే" అంటూ కూలబడింది.

బాబాయి చుట్టను చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా నొక్కి చూసి నవ్వాడు. "ఇంతేనా? ఎండినాకుకి పదును పెట్టడం మనకి కొత్తా?" కాలిన ఆకు ముట్టుకుంటే పొడైపోతుంది. అందుకని రైతులు తడి గోనెల దగ్గర ఉంచో, మంచులో ఉంచో మెత్తబరుస్తారు. అదే పదును. ఖాళీ బ్యారన్‌లో తడి గోనెల పైన వెదురు తట్ట బోర్లించి, దాని మీద మదురోను పెట్టి తలుపేశాడు.

తెల్లారి చూస్తే చుట్ట మెత్తగా వేలికి లొంగుతోంది. పగులు మాత్రం అలాగే ఉంది. బాబాయి తన చివరి పంటలోంచి ఒక ఆకు ముక్క చించి, గంజి రాసి అతికించాడు. నల్లటి చుట్ట మీద పసుపురంగు అతుకు.

"ఇద్దరికీ కలిపి ఇదొక్కటే. డాక్టరు మానమన్నాడు, గుర్తుందిగా" అని పిన్ని ఎదురుగా కాపలా కూర్చుంది.

అరుగు మీద వెలిగించాం. మొదటి దమ్ముల్లో మిరియాల ఘాటు, వెంటనే కాఫీ చేదు. పొగ చిక్కగా, నున్నగా ఉంది, గొంతులో ఎక్కడా గీరలేదు. ఒక పక్క త్వరగా కాలింది, అది నిన్నటి ఎండ పుణ్యం. అడుగున ఏదో తీపి. దానికి పేరు దొరక్క నేను తంటాలు పడుతుంటే, ముక్కు మూసుకుని కూర్చున్న పిన్ని చెయ్యి తీసి, "అరిసెల పాకం ముదిరిన వాసన" అంది. సరిగ్గా అదే.

"ఏం మాగబెట్టార్రా! ఎంత ఓపిక ఉండాలి దీనికి" అన్నాడు బాబాయి. నలభై రకాలు కాల్చిన నాకు కూడా ఇంత తృప్తి ఎప్పుడూ కలగలేదు.

నిప్పు అతుకు దాకా వచ్చింది. బాబాయి నా చేతికి ఇవ్వకుండా తనే పీల్చాడు. పొగ తేలికైంది. బ్యారన్ తలుపు తీసినప్పుడు గుప్పున కొట్టే తియ్యటి వాసన అరుగంతా నిండింది. "ఇది మనదే" అంది పిన్ని. ఆయన తలూపాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, పొగ వల్ల కాదు.

అతుకు కాలిపోయాక చుట్ట నా చేతిలో పెట్టి, "చూశా. దాని పక్కన మనది తీసిపోలేదు. ఇంక రేపు ఆ కూలోళ్ళని రమ్మను" అన్నాడు పిన్నితో.

కాల్చిన ప్రతి చుట్టకూ మార్కులు వేయడం నా అలవాటు. ఈ మదురోకు రుచికి పదికి తొమ్మిది, కాలిన తీరుకు ఆరు. అతుకు కాలినంతసేపటికి ఎన్ని వేయాలో తెలియక వదిలేశాను. నేను దమ్ము లాగనే లేదు కదా, నాకేం హక్కు? ఎండబెట్టకపోతే పగిలేది కాదు, పగలకపోతే ఆ ముక్క అతికించేవాడే కాదు. పిన్నికి ఈ మాట చెబితే అప్పటికి నవ్వింది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. బ్యారన్ చూడాలంటే ఆకు కాల్చే రోజుల్లో, ఫిబ్రవరి మార్చిల్లో, పెందలాడే వెళ్ళి రైతును అడగండి, కాదనరు. ఆ ఊళ్ళో ఇంకా కొన్ని మిగిలాయి. మా బాబాయిది లేదు.