నా గడ్డం కింద వెంట్రుకలు... అమ్మ మీద నింద

నేను పదో తరగతి చదివే రోజుల్లో... ఆదివారం పొద్దున్నే పెరట్లో నీళ్ళ గాబు పక్కన పీట వేసి అమ్మ నన్ను కూర్చోబెట్టేది. శనగపిండిలో పసుపు, నువ్వుల నూనె కలిపిన ముద్ద తీసుకుని నా గడ్డం కింద రుద్దడం మొదలుపెట్టేది. అందరి ఇళ్ళల్లో పిల్లలకు పెట్టే నలుగే అది. మా ఇంట్లో మాత్రం తోలు ఊడొచ్చేదాకా ఆగేది కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పై పెదవి మీద, గడ్డం కింద వెంట్రుకలు మొదలయ్యాయి. నూగే కదా అని ఊరుకున్నాం. పదికి వచ్చేసరికి నల్లగా, బిరుసుగా తేలాయి. బడిలో ఎవరు నాతో మాట్లాడినా వాళ్ళ చూపు నా కళ్ళ దగ్గర ఆగేది కాదు... కిందికి జారేది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడటం అప్పుడే అలవాటైపోయింది.

మాది పాతపట్నం దగ్గర పల్లె. చంటిపిల్లలకు రోజూ పిండి ముద్దతో ఒళ్ళంతా రుద్ది నూగు తీస్తారు మా వైపు. ఆడపిల్లకైతే మరీనూ. అందుకని మా నాయనమ్మ తీర్పు చెప్పేసింది... పసిదానిగా ఉన్నప్పుడు అమ్మ నాకు నలుగు సరిగ్గా పెట్టలేదు, అందుకే ఇవి మొలిచాయి అని. ఇంటికి ఎవరొచ్చినా నా గడ్డం పట్టుకుని పైకెత్తి, చూపించి మరీ చెప్పేది. అమ్మ గిన్నెలు తోముకుంటూ వినేది. ఎదురు చెప్పేది కాదు... తనూ నమ్మేసింది కదా. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

అంతలో మా మేనత్త కూతురి పెళ్ళి వచ్చింది. చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారన్నారు. నాయనమ్మ ఊరుకోదని, అంతమంది ముందూ ఆ పంచాయితీ మళ్ళీ పెడుతుందని నాకు తెలుసు. అమ్మ మొహం తల్చుకుంటే అన్నం సహించలేదు. అసలు వెంట్రుకలే లేకపోతే మాటే ఉండదు కదా అనిపించింది.

చుట్టాలు దిగే రోజు పొద్దున్న, నాన్న పొలానికి వెళ్ళగానే ఆయన రేజరు తీసుకుని స్నానాల గదిలో గడియ పెట్టుకున్నాను. అద్దం లేదు. సబ్బు నురగ రాసి, చేత్తో తడుముకుంటూ గీయడం మొదలుపెట్టాను. బయట నాయనమ్మ దగ్గు దగ్గరగా వినిపించింది. తలుపు కదిలినట్టనిపించి ఉలిక్కిపడ్డాను. గడ్డం కింద చురుక్కుమంది.

తువ్వాలుతో అదిమినా రక్తం ఆగలేదు. అమ్మ తలుపు కొడుతోంది. తీయక తప్పలేదు.

నన్ను చూసింది, కింద పడున్న రేజరును చూసింది. కొడుతుందనుకున్నాను. గోడకు జారబడి అలాగే కూలబడిపోయింది.

"నాను సేసిన పాపానికి నువ్వు కోసుకుంతన్నావేటే..." అంది.

గాయానికి పసుపు అద్ది, చీర మార్చుకుని, నన్ను తీసుకుని శ్రీకాకుళం బస్సెక్కేసింది. పెళ్ళి పనులు వదిలేసి ఎక్కడికని నాయనమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది. అత్తగారి మాట కాదని అమ్మ గడప దాటడం నేను చూడటం అదే మొదలు.

అక్కడ డాక్టరమ్మ నా గడ్డం కేసి ఓసారి చూసి, నెలసరి గురించి అడిగింది. నెలల తరబడి రావట్లేదని చెప్పాను. స్కానింగు చేశాక, హార్మోన్ల తేడా అంది, అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగలున్నాయంది. మందులు వాడాలి, తగ్గడానికి నెలలు పడుతుంది, బ్లేడు పెడితే ముదురుతాయన్నది వట్టి భయం... ఇలా ఏవేవో చెప్పింది.

అమ్మ అవేవీ విన్నట్టు లేదు. కుర్చీ అంచున కూర్చుని ఒకటే అడిగింది.

"పసిగుంటప్పుడు నాను నలుగు సరిగ్గా ఎట్టకపోబట్టి కాదేటమ్మా?"

డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది. "నలుగుకీ దీనికీ సంబంధం లేదమ్మా. నీ తప్పేం లేదు."

అమ్మ బుర్ర ఊపిందంతే. బస్సులో కూర్చున్నాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "డాక్టరమ్మ ఏటన్నాదే... మల్లీ సెప్పు" అంది. చెప్పాను. కాసేపాగి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. మా ఊరు వచ్చేదాకా అదే మాట... దిగబోయే ముందు కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

ఇంటి నిండా చుట్టాలు. అందరి ముందూ నాయనమ్మ ఏమైందని నిలదీసింది.

"నా తప్పు కాదంట, అత్తా" అంది అమ్మ. ఆ పెళ్ళిలో నాయనమ్మ నా గడ్డం ఎవరికీ ఎత్తి చూపించలేదు.

నాకవి పూర్తిగా పోలేదండీ. మందులు, థ్రెడింగు, ఓపికున్నప్పుడు లేజరు... నడుస్తోంది. ఈనాటి ఆడపిల్లలు ఇదే జబ్బును పీసీఓడీ అని జలుబు చెప్పుకున్నంత తేలిగ్గా చెప్పుకుంటుంటే హాయిగానూ ఉంటుంది, లోపల ఎక్కడో కలుక్కుమనీ అంటుంది. ఆ పేరు తెలియకే కదా... అన్ని ఆదివారాలూ మా అమ్మ నన్ను రుద్దుతూ తనను తాను తిట్టుకుంది.

మీ ఇళ్ళల్లోనూ ఏ అమ్మ మీదో ఇలాంటి నింద పడే ఉంటుంది. అదేమిటో ఇక్కడ రాయండి... కానీ రాసేముందు ఆవిడకు ఓసారి ఫోన్ చేసి, తప్పు నీది కాదని చెప్పండి. ఎన్నేళ్ళయినా సరే, ఆ మాట కోసం ఎదురు చూస్తూనే ఉంటారు వాళ్ళు.