బ్రౌన్ అట్టల వెనక

నా చిన్నప్పుడు నన్నెవరేమన్నారో నాకు ఒక్కటీ మరుపు రాలేదు. పాతవన్నీ వదిలెయ్యమంటారు మావాళ్ళు. నేను వదలను. నేనన్న మాటను కూడా వదల్లేదు.

చమురు డబ్బుతో దోహా నెలకో కొత్త మేడ లేపుతున్న రోజులవి. నాన్న ఆయిల్ కంపెనీలో గుమాస్తా. ముషైరిబ్ పేటలో మా వాటాకు ఎదురుగా సూడాన్ నుంచి వచ్చిన ఒకామె ఉండేది. మా బడిలో ఇంగ్లీషు చెబుతూ లైబ్రరీ కూడా చూసుకునేది. బడిలో టీచరైనా, ఇంటి దగ్గర నేను అక్కా అనే పిలిచేదాన్ని. మా ఇంట్లో అందరూ నన్ను నల్లపిల్ల అనే పిలిచేవారు. అక్క నాకంటే నలుపు. ఆమె పక్కన నడిస్తే నాకు ధైర్యంగా ఉండేది.

ఒకసారి సెలవులకు వెళ్ళి ఆమె పెట్టెడు పిల్లల పుస్తకాలు తెచ్చింది. అన్నీ నల్లవాళ్ళే రాసి, బొమ్మలు వేసినవి. ప్రతి పుస్తకం మీదా నల్లటి పిల్లల నవ్వు ముఖాలు. వాటిని బడిలో పెడతానంటే హెడ్‌మిస్ట్రెస్, "పిల్లలు జడుసుకుంటారమ్మా!" అని నవ్వింది. అప్పుడు అక్క, వారం రోజులు పిల్లలకు ఇంటికిచ్చి చూస్తాననీ, పిల్లలకు నచ్చాయంటేనే లైబ్రరీలో ఉంచుతాననీ చెప్పింది.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి, మేము బడి పుస్తకాలకు అట్టలు వేసుకునే బ్రౌన్ పేపర్ అడిగింది. "యల్లా, కానీ, నాకూ నేర్పు" అంటూ నా పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరం ఆ పెట్టెలోని పుస్తకాలన్నిటికీ అట్టలు వేశాం. పేరు, తరగతి రాసుకునే చీటీ మీద ఆమె కథలోని మొదటి వాక్యం మాత్రమే రాసింది. ఒకదాని మీద, 'ఆ రోజు మా మేక బడికి వెళ్ళింది' అని ఉంది.

మర్నాడు లైబ్రరీలో ఆ పుస్తకాలు పేర్చిన బల్ల దగ్గర పిల్లలు వాటి కోసం కొట్టుకున్నారు. ఒక్క పుస్తకమూ మిగల్లేదు. మేక కథ నేను దక్కించుకున్నాను. ఇంట్లో పడీ పడీ నవ్వుతుంటే, అమ్మ వచ్చి అట్ట లాగేసి చూసింది.

"నీ రంగు చాలదా మనింటికి, ఇంకా ఈ మొహాలు కూడానా? పట్టుకెళ్ళి ఇచ్చెయ్!"

ఎదుటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. "ఏం హబీబ్తీ, నా బంగారూ, మేక నవ్వించిందా?" అని ఆశగా అడిగింది. మా అమ్మ వద్దందని చెప్పొచ్చు. నేను చెప్పలేదు. ఇకనైనా నన్ను ఆ ముఖాలతో కలపరనుకున్నానేమో, "నాకు నచ్చలేదు" అన్నాను.

వారంలోపే మిగతా ఇళ్ళలోనూ అట్టలు ఊడాయి. పుస్తకాలు ఒకటొకటిగా తిరిగి వచ్చాయి. అడిగితే అందరు పిల్లలదీ నా మాటే. అక్క వాటిని మళ్ళీ పెట్టెలో సర్దుతూ, బ్రౌన్ కాగితాలు మాత్రం మడిచి నాకిచ్చేసింది. "తప్పు నాది. వాళ్ళ ముఖాలు నేనే దాచాను. ఇంకెప్పుడూ దాచను" అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. మరుసటి ఏడాది బడిలో ఆమెను ఉంచుకోలేదు. ఎదురింట్లోకి వేరేవాళ్ళు వచ్చారు.

మా అమ్మాయి కాపురం ఇప్పుడు దోహాలోనే, అల్ సద్‌లో; నేనూ తన దగ్గరే ఉంటున్నాను. అక్కడి పుస్తకాల షాపులో అలాంటి పుస్తకాలు కింది వరసలో, వీపు మాత్రమే కనబడేలా ఇరికించి ఉంటాయి. మోకాళ్ళు నొప్పెడుతున్నా కూర్చుని, ఒక్కొక్కటీ తీసి ముఖం బయటికి కనబడేలా నిలబెడతాను. "మళ్ళీ వచ్చారా అమ్మా!" అని షాపతను విసుక్కుంటాడు. నేను వెళ్ళగానే ఎప్పటిలా సర్దేస్తాడని నాకు తెలుసు. వచ్చే వారం మళ్ళీ వెళ్తాను. పక్కన ఏ పిల్ల నిలబడి ఉన్నా, అడగకపోయినా చెబుతాను, ఆ మేక కథ నాకు చాలా నచ్చిందని.