ఎర్రబడని కళ్ళు

మొన్నటి వానకు అటక తడిసిందని బాపు పాత మేకప్ పెట్టె కిందికి దించి మూత తీశాను. ఎండిపోయిన రంగు బిళ్ళలు, పన్నీరు, మీసాలు అతికించే జిగురు ఘాటు అన్నీ కలిసి ఒక్కసారిగా ముఖానికి కొట్టాయి. మధురానగర్‌లోని ఈ మూడో అంతస్తు ఇంట్లోంచి నన్ను ఎత్తుకుపోయి, ఫిల్మ్‌నగర్ గుట్ట కింద మా రేకుల ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లగా కూర్చోబెట్టాయి.

నాన్నను మేం బాపు అంటాం. బాపు సినిమాల్లో మేకప్ మ్యాన్. ఇంటి వెనక బండరాళ్ళ సందుల్లో సీతాఫలం చెట్లుండేవి. వానలు తగ్గి కాయలు కళ్ళు విప్పగానే కోసుకొచ్చి బియ్యం డబ్బాలో మాగబెట్టి, పండాయా లేదా అని గంటకోసారి చెయ్యి పెట్టి నొక్కి చూసి, పండకముందే సగం పాడుచేసేదాన్ని. బతుకమ్మ ముందురోజు తంగేడు పూలకోసం బోరబండ వైపు గుట్టలెక్కేవాళ్ళం, తిరిగొచ్చేసరికి అమ్మ మలీద ముద్దలు చేస్తూ ఉండేది, వేడి రొట్టెలో బెల్లం కరిగే వాసన వాకిలిదాకా వచ్చేది. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలమది. మధ్యాహ్నాలు అక్కడ గుట్టలు పేలిస్తే ఇక్కడ మా రేకులు గలగలమనేవి.

ఆ ఏడు వానాకాలం బస్తీ అంతా కండ్లకలక వచ్చింది. అందరికీ వారంలో తగ్గింది. నాకూ ఎరుపు తగ్గింది, నొప్పి మాత్రం పోలేదు. గాలి తగిలితే కారం చల్లినట్టుండేది, పుస్తకం తెరిస్తే రెప్పల కింద సూదులు కదిలినట్టుండేది, గుడిలో హారతి ఇస్తుంటే అమ్మవారిని చూడలేక తల దించుకునేదాన్ని. బడిలో కళ్ళు మూసుకుని కూర్చుంటే టీచరమ్మ మూడుసార్లు ఇంటికి పంపింది, నాలుగోసారి ఇంక రావద్దంది.

వేరే ఇంట్లో అయితే ఏమనుకునేవారో తెలియదు. కన్నీళ్ళు పుట్టించడమే పనిగా ఉన్న మనిషి ఇంట్లో నాకు ఆ నొప్పి వచ్చింది. ఏడుపు సీనుకు గ్లిజరిన్ ఎంత వేయాలో, ఏ కంటికి ముందు వేయాలో బాపుకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఒకరోజు నా గడ్డం పట్టి వెలుతురులోకి తిప్పి, చెంపమీది నీటిబొట్టును రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. జారుడు లేదు.

"గ్లిజరిన్ గాదు. ఉల్లిగడ్డనా?"

"కాదు బాపు, నొస్తుంది."

"నొస్తే కన్ను ఎర్రగైతది బిడ్డా. నీది జూడు, పాలలెక్క ఉంది. నాతోని నాటకాలు పడకు. నేను హీరోయిన్ల ఏడుపులే పట్టేస్త."

"నీ షూటింగ్ గేటు బయట పెట్టి రా," అంది అమ్మ లోపలినుంచి. "కన్నబిడ్డకు టెస్టులు పెడ్తవా?"

బాపు చెడ్డవాడు కాదు. నన్ను నమ్మకపోయినా, గాలి పడదన్నానని నిండు ఎండాకాలంలో ఫ్యాన్ ఆపేసి, విసనకర్ర కూడా తన వైపే ఊపుకునేవాడు. అది ఎంత పెద్ద సంగతో నాకప్పుడు తెలియలేదు.

అమ్మ నన్ను తిప్పని కళ్ళ డాక్టరు లేడు. ప్రతి డాక్టరు గది ముందూ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళే. ఎవరికి కళ్ళు మండినా కంప్యూటర్ వల్లేననే రోజులవి. ఒకాయన నన్ను చూడకుండానే, "రోజుకు ఎన్ని గంటలు కంప్యూటర్ ముందు కూర్చుంటుందమ్మా?" అన్నాడు. "మా ఇంట్ల టీవీయే సక్కగ నడువది సారూ," అంది అమ్మ. చివరికి అందరిదీ ఒకటే మాట: కన్ను శుభ్రంగా ఉంది, పిల్లకు బడి ఇష్టం లేదు. ఆ మాట విన్న ప్రతిసారీ, నేనే అబద్ధమేమో, నొప్పి నేనే తయారుచేసుకుంటున్నానేమో అని నాకే అనుమానం వచ్చేది. సూదులకంటే అది ఎక్కువ పొడిచేది.

ఇక వంటింట్లోనే నా చదువు. అమ్మ బియ్యం ఏరుతూ పాఠం పైకి చదివితే నేను కళ్ళు మూసుకుని అప్పజెప్పేదాన్ని. ఎక్కాలు, స్తోత్రాలు, భూగోళం అన్నీ పోపు చిటపటల మధ్య చెవులతోనే నేర్చుకున్నాను. తర్వాత పదో తరగతి కూడా ప్రైవేటుగానే కట్టాను.

రెండేళ్ళ తర్వాత, షూటింగ్ ఆగిపోయిన ఒకరోజు, బాపు మొదటిసారి మాతో ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరమ్మ పెద్దావిడ. కూర్చోకముందే బాపు, "జర గట్టిగ భయపెట్టుండ్రి మేడమ్, బడికి పోతది," అన్నాడు. ఆవిడ నవ్వలేదు. నా రెండు కళ్ళలో చెరో చుక్క వేసి, కాసేపు రెప్పలు మూయమంది.

మొదట చుర్రుమంది. ఆ తర్వాత, ఏళ్ళ తరబడి మోగుతున్న గంటను ఎవరో చేత్తో పట్టి ఆపినట్టయింది. కళ్ళు తెరిచాను. ఫ్యాన్ తిరుగుతూ ఉంది, గాలి ఉత్త గాలిలా ఉంది. నేనింకా ఏమీ చెప్పలేదు. బాపు లేచి వచ్చి, రంగు సర్దేటప్పుడు పెట్టినట్టు, నా కనుబొమల మధ్య బొటనవేలు పెట్టాడు.

"గీడ ముడత ఉండె. ఏడికి పోయింది?" అన్నాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "మేడమ్, ముడత మా అమ్మ పోలికనుకున్న. గీ మొకం నేను రెండేండ్ల సంది చూడలే. గిది నటిస్తే వచ్చేది గాదు. నాకెరికే," అన్నాడు.

అది తిమ్మిరెక్కించే మందనీ, దానితో నొప్పి ఆగిందంటే నొప్పి కంటి పైపొరలోని సన్నటి నరాలదేననీ, కండ్లకలక పోతూ పోతూ ఆ నరాలను దెబ్బతీసిందనీ, అది మామూలు పరీక్షకు కనపడదనీ ఆవిడ చెప్పింది. ఈ మందు ఇంటికి ఇవ్వరు, రోజూ వేస్తే కన్నే పాడవుతుంది. మందు పనిచేసిన ఆ పావుగంటా నేను వరండాలోని బోర్డులన్నీ పైకి చదువుకుంటూ తిరిగాను.

ఎర్రగడ్డ బస్టాపులో బాపు నా ముఖంలోకి వంగి, "మళ్ల వచ్చింది గదా," అన్నాడు. నేను చెప్పకముందే. నొప్పి తిరిగొచ్చిందని ఏడవాల్సింది పోయి, అక్కడే రోడ్డుమీద నవ్వేశాను.

తర్వాత నా రక్తమే తీసి, ఎరుపు వేరుచేసి, మిగిలిన పసుపు నీటితో చుక్కల మందు చేసిచ్చారు. నా మందును నా ఒంట్లోనే పెట్టిన అమ్మవారికి దండం పెట్టుకున్నాను. సీసాలు ఇంటి ఓనరమ్మ ఫ్రిజ్‌లో ఉండేవి; వాడే సీసా చల్లగా ఉండాలని, నటీమణుల ముఖాలకు రుద్దే ఐసు ముక్కలు బాపు రోజూ ఫ్లాస్కులో తెచ్చేవాడు. నొప్పి తగ్గడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పటికీ ఏసీ గదుల్లో ఒకోసారి పలకరిస్తుంది, పలకరించి పోతుంది.

ఆ గుట్టలు లేవు, సీతాఫలాలు లేవు, రేకుల ఇళ్ళ చోట ఎత్తయిన గేట్లున్నాయి. అమ్మ పోయి నాలుగేళ్ళు, అప్పటినుంచి బాపు నా దగ్గరే ఉంటున్నాడు. డాక్టరమ్మ పేరు కూడా నాకు గుర్తులేదు, రోజూ దీపం దగ్గర "ఆ తల్లి" అనే తలుచుకుంటాను.

ఇవాళ పొద్దున రెండో తరగతి చదివే మా పాప పొట్ట పట్టుకుని, బడికి పోనని తాత ఒళ్ళో వాలిపోయింది. నేను బాపును పక్కకు పిలిచాను.

"అది నాటకాలు పడుతుంది బాపు."

"ఎరికే. ఇప్పుడే రెండు దోసెలు తిన్నది, నేను జూసిన."

"మరి?"

"మోసపోతే పోత తియ్యి," అంటూ బాపు దాని కోసం చాప పరిచాడు.